పాత గేమింగ్ సిస్టమ్ చూడకుండా ఇక కొటేషన్ ఇవ్వం

మా వైజాగ్ కంప్యూటర్ షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ మధ్య వాట్సాప్‌లో రోజూ వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, సిస్టమ్ కొని ఐదారేళ్లయింది. గేమ్స్ ఆగి ఆగి ఆడుతున్నాయి. అప్‌గ్రేడ్ చేయించాలా, మొత్తం మార్చేయాలా? కొటేషన్ పెట్టండి." ఇక మీదట మెసేజ్ చూసి కొటేషన్ పెట్టం. సిస్టమ్ తీసుకురండి. మీరు ఆడే గేమ్‌తోనే, మీ ఎదురుగానే టెస్ట్ చేసి, ఏం మార్చాలో, ఎంతవుతుందో అప్పుడు చెబుతాం. చెకింగ్‌కి 300 రూపాయలు తీసుకుంటాం. ఏదైనా కొంటే అది బిల్లులో తగ్గిస్తాం.

ఈ పద్ధతి పెట్టడానికి కారణం మెమరీ, అంటే ర్యామ్ రేట్లు. మెమరీ చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకు తరలిపోతుండడంతో 2025 చివర్లో కొత్త రకం ర్యామ్ డీడీఆర్5 రేటు రెట్టింపు దాటింది. అంతకు ముందు తరం డీడీఆర్4 కూడా దాని వెంటే పెరిగింది. క్రూషల్ పేరుతో మనకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ అయితే ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఏఎండీ ఏఎం5 మదర్‌బోర్డుల్లో గానీ, ఇంటెల్ కోర్ అల్ట్రా బోర్డుల్లో గానీ డీడీఆర్4 పట్టదు. అంటే ఇప్పుడు వీటితో కొత్త సిస్టమ్ అనగానే బోర్డు, ప్రాసెసర్‌తో పాటు ఈ మండిపోతున్న ర్యామ్ కూడా కొనాల్సిందే. మీ దగ్గరున్న పాత డీడీఆర్4ని తీసిపారేసే రోజులు కావివి.

దాపరికం ఎందుకు, కొత్త అసెంబ్లీ చేస్తేనే మాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల మీద మార్జిన్ అంతంతమాత్రం. కేబినెట్, ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె), కీబోర్డుల దగ్గరే కాస్త గిట్టుబాటు. ఒక్క స్టిక్ ర్యామ్ అమ్మితే వచ్చేది టీ ఖర్చులకు సరి. అయినా అనవసరంగా డెబ్బై వేలు ఖర్చు పెట్టించిన షాపుకి ఎవరూ రేపు వాళ్ల తమ్ముణ్ణి తీసుకురారు కదా.

మొన్న సీతమ్మధార నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాన్నగారితో వచ్చాడు. కొత్తది కొనాలనే నిర్ణయించుకుని, ఈఎంఐ లెక్కలు కూడా వేసుకుని వచ్చారు. పాతది ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఒక టీబీ హార్డ్ డిస్క్. 2020 ప్రాంతంలో వైజాగ్‌లో మేమే కాదు, అందరూ తెగ అమ్మిన కాంబినేషన్ ఇది. స్క్రీన్ మూలన రీడింగులు పెట్టి గేమ్ ఆడించాం. కార్డు వాడకం 95 శాతం దగ్గర ఉన్నది ఉన్నట్టుండి 40కి పడిపోతోంది, సరిగ్గా అప్పుడే డిస్క్ 100కి పోతోంది. ర్యామ్ నిండిపోయి భారమంతా హార్డ్ డిస్క్ మీద పడుతోందన్నమాట. మా దగ్గరున్న 8 జీబీ స్టిక్ ఇంకొకటి, హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టి, గేమ్‌ని అందులోకి మార్చి మళ్లీ ఆడించాం. కుర్రాడు రెండు రౌండ్లు ఆడి "ఇంక చాలన్నా" అన్నాడు. వాళ్ల నాన్నగారికే నమ్మకం కుదరలేదు. బిల్లు చూసి, "ఇంతేనా? మళ్లీ వచ్చే నెల రమ్మంటారా ఏంటి?" అని అడిగారు.

ఇందులో కొంత మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. గేమ్ ఆడేటప్పుడు కార్డు వాడకం ఎప్పుడూ 97, 98 దగ్గరే ఉంటే కార్డు చాలడం లేదని అర్థం. అది 50, 60 దగ్గరే ఆడుతుంటే, రెజల్యూషన్ 1080 నుంచి 720కి దించి చూడండి. అప్పటికీ ఫ్రేమ్స్ (సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మలు) పెరగకపోతే ప్రాసెసర్ వైపో, ర్యామ్ వైపో చూడాలి. అలాంటప్పుడు ముప్పై వేల కార్డు తెచ్చి బిగించినా ఉపయోగం ఉండదు.

ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు 1600, 2600, 3600లతో బీ450 బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అదే బోర్డులో, అదే ర్యామ్‌తో 5600 గానీ 5700ఎక్స్ గానీ పెట్టుకోవచ్చు. కాకపోతే పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో యూపీఎస్ లేకపోతే మాత్రం ఆ పని పెట్టుకోవద్దు.

ఇంటెల్ ఆరు, ఏడు జెనరేషన్ల వాళ్లకు మాత్రం నా మాట సూటిగానే ఉంటుంది: ఆ బోర్డు మీద ఇక రూపాయి పెట్టొద్దు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు 1151 అని ఒకటే ఉన్నా ఎనిమిదో జెనరేషన్ ప్రాసెసర్ అందులో పనిచేయదు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, నమోదు చేసుకున్నవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది వస్తాయంతే. ఇలాంటి సిస్టమ్ తెస్తే కార్డు, ఎస్ఎస్‌డీ, కేబినెట్‌లలో ఏవి కొత్తదాంట్లోకి పనికొస్తాయో చూసి చెబుతాం. ఎనిమిది, తొమ్మిది జెనరేషన్ల వాళ్లు సెకండ్ హ్యాండ్ ఐ7 9700కె కోసం తిరగడం మానేయండి. దానికి అడుగుతున్న రేటు దండగ.

కార్డుల సంగతి. జీటీఎక్స్ 1050 టీఐ, 1060లకు ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటివి రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని లెక్కగట్టి చూపించడం) చేయగల కార్డు లేకపోతే అసలు ఓపెనే కావు. కానీ మీరు ఆడేది వాలరెంట్, జీటీఏ 5 మాత్రమే అయితే, అవి ఆడుతూనే ఉంటే, ఆ కార్డుతోనే కానిచ్చేయండి. చవగ్గా ఉందని ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం అడగొద్దు. దానికి డేటా వెళ్లే దారులు (లేన్లు) నాలుగే, కార్డు స్లాట్ పాత రకం పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డుల్లో బాగా నీరసపడిపోతుంది.

కార్డు మార్చే ముందు ఎస్ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ చూడండి. కేబినెట్‌తో ఉచితంగా వచ్చేవాటి మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లని ఉందనుకోండి, 12 పద్దెనిమిదులు 216. ప్రాసెసర్, కార్డు రెండూ ఆ 216 వాట్లతోనే బతకాలి. దాని మీద కొత్త కార్డు మేం బిగించం. మీరు బయట కొని తెచ్చినా సరే, ముందు ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. ఈ విషయంలో బేరం లేదు.

మన ఊరికే ఉన్న తలనొప్పి ఇంకోటి. లాసన్స్ బే, ఎంవీపీ వైపు నుంచి వచ్చే కేబినెట్లలో ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి తిరగవు. పోర్టు వైపున్న జ్ఞానాపురం, పాత నగరం నుంచి వచ్చేవాటిలో ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్ సింక్ రెక్కల మధ్య నల్లటి బొగ్గు దుమ్ము దిమ్మ కట్టి ఉంటుంది. వేడెక్కి ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. అందుకే క్లీన్ చేసి, థర్మల్ పేస్ట్ మార్చాకే టెస్ట్ పెడతాం. కొందరికి అక్కడితోనే పని అయిపోతుంది, అదంతా చెకింగ్ డబ్బుల్లోనే.

ర్యామ్ రేటు వారానికో రకంగా ఉంటోంది కాబట్టి మేమిచ్చే కొటేషన్ రెండు రోజులే చెల్లుతుంది. మూడో రోజు ఫోన్ చేసి కోప్పడకండి.

వచ్చేటప్పుడు కేబినెట్ ఒక్కటి తెస్తే చాలు, మానిటర్, కీబోర్డు మా దగ్గరే ఉన్నాయి. కారులో అయితే మదర్‌బోర్డు ఉన్న వైపు కిందకి వచ్చేలా పడుకోబెట్టండి, కార్డు పక్కకు వేలాడి స్లాట్‌ని వంచదు. ఫొటోలు, కాలేజీ ప్రాజెక్టులు ఉంటే ముందే బ్యాకప్ తీసుకోండి. మీరు ఆడే గేమ్ అందులోనే ఇన్‌స్టాల్ చేసి ఉంచండి, వంద జీబీల గేమ్‌ని షాపు వైఫైలో దించాలంటే సాయంత్రం దాకా కూర్చోవాలి. ఆదివారం సెలవు.