పోతన పద్యం నేను చెప్పకూడదా?

సంపాదకులకు నమస్కారం.

నేను 30 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం చర్చికి వెళ్తాను. ఈ రెండింటికీ పొసగదని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. ఈమధ్య ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మేడమ్ సెలవు పెడితే, రెండు నెలలు పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాను. గజేంద్ర మోక్షం నడుస్తోంది. ‘సిరికిం జెప్పడు’ పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీవాళ్లు కూడా గొంతు కలిపారు. నాలుగో రోజున ఓ తండ్రి ఆఫీసు గదికి వచ్చి, ‘‘నమ్మకం లేని మనిషి ఆ పద్యం ఏం చెబుతాడండీ?’’ అని అడిగారట. ఆ ఆదివారమే మా సంఘపెద్ద చర్చి గుమ్మంలో నన్ను ఆపి, ‘‘ఏటి మాస్టారూ, విష్ణువు పద్యాలు వల్లె వేయిస్తన్నారట!’’ అన్నాడు.

ఆ తండ్రి మాట కొత్తది కాదు. క్రీ.శ. 362లో, పాత దేవతలను కొలిచే రోమన్ చక్రవర్తి జూలియన్ అన్నదీ అదే. గ్రీకు కవి హోమర్ కావ్యాల్లోని దేవతలను నమ్మకుండా హోమర్‌ని చెప్పడం మోసమన్నాడు. క్రైస్తవ గురువులు బడుల్లో పాఠాలు చెప్పకూడదని ఆజ్ఞ వేసి, కావాలంటే చర్చిలకు పోయి మత్తయి, లూకా సువార్తలు చెప్పుకోమన్నాడు. రోమ్‌లో విక్టోరినస్ అనే పేరుమోసిన క్రైస్తవ పండితుడు ఉద్యోగం వదిలేశాడు. ఏథెన్స్‌లో ప్రొహెరీసియస్ అనే మరో క్రైస్తవ గురువుకి మినహాయింపు ఇస్తానన్నా వద్దని తప్పుకున్నాడని క్రైస్తవ రచయిత జెరోమ్ రాశాడు. ఈ ఆజ్ఞను క్రైస్తవులు తిట్టారంటే అర్థముంది. జూలియన్ సైన్యంలో పనిచేసి, ఆయన్ని తెగ మెచ్చుకున్న చరిత్రకారుడు అమ్మియానస్ కూడా, ఈయన క్రైస్తవుడు కాదు సుమండీ, ఇది పైకి ఎత్తకుండా పాతిపెట్టాల్సిన పని అని రాసిపెట్టాడు. మరుసటి ఏడాదే జూలియన్ పర్షియా యుద్ధంలో పోయాడు. 364లో ఆ ఆజ్ఞా పోయింది.

ఇక మా సంఘపెద్ద సంగతి. అప్పటి క్రైస్తవులకు అక్షరాలు నేర్చుకోవడానికి వేరే బడులు లేవు. అందరి పిల్లలతో పాటు వాళ్ల పిల్లలూ ఆ హోమర్‌నీ లాటిన్ కవి వర్జిల్‌నీ వల్లె వేసినవాళ్లే. జూలియన్ ఆజ్ఞ వచ్చాక అపొలినారిస్ అనే తండ్రీకొడుకులు పట్టుదలకు పోయి, బైబిల్ కథలను హోమర్ ఫక్కీలో పద్యాలు కట్టారు. తరవాతి శతాబ్దపు చర్చి చరిత్రకారుడే అవి రాసినా రాయనట్టే అయ్యాయని తేల్చేశాడు. ఏథెన్స్‌లో చదువుకున్న బిషప్ బాసిల్ మాత్రం, పాత కావ్యాలు చదవండి, కానీ తేనెటీగలా చదవండని కుర్రాళ్లకు చెప్పాడు. తేనెటీగ ప్రతి పువ్వు మీదా వాలదు, వాలిన పువ్వునంతా మోసుకుపోదు. ఈ మాట మా సంఘపెద్దకు చెబితే కాసేపు ఆలోచించి, ‘‘తేనెటీగ కుడతాది కూడాను కదేటి’’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

స్కూలు హెడ్మాస్టరు మంచివారే. ‘‘మనకెందుకొచ్చిన టెన్షన్ మాస్టారూ, వచ్చే వారం నుంచి వ్యాకరణం మట్టుకు చెప్పండి’’ అన్నారు. రోమన్ల కాలంలో వ్యాకరణం క్లాసు అంటేనే కావ్యం విప్పి చెప్పడమని ఆయనతో అనలేదు. సోమవారం సరళాదేశ సంధి తీసుకున్నాను. సూత్రం బోర్డు మీద రాసి, ఉదాహరణ ఒకటి చెప్పండర్రా అన్నాను. ముందు బెంచీలో పిల్ల ఠక్కున లేచి, ‘‘సిరికిన్ ప్లస్ చెప్పడు, సార్’’ అంది.

– ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా