హాలు మూసినా ఆట ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

పారిస్‌లోని ఆధునిక కళల మ్యూజియం, పాంపిడూ సెంటర్‌ను 2030 దాకా మూసేశారన్న వార్త మీ పత్రికలో చదివాను. ఆరోగ్యానికి హాని చేసే ఆస్‌బెస్టాస్ తొలగిస్తారనీ, భవనమంతా బాగు చేస్తారనీ రాశారు. ఆ మ్యూజియంలో సినిమా హాళ్ళు కూడా ఉండేవి, వాటి సంగతి మాత్రం రాయలేదు. నాలాంటి వాళ్ళకి కావలసింది అదే.

మా అమ్మాయి పారిస్‌లోనే ఉద్యోగం చేస్తోంది. ఈ మధ్య వెళ్ళినప్పుడు రాంబ్యుతో మెట్రో స్టేషన్‌లో దిగి ఆ భవనం చూశాను. గొట్టాలన్నీ బయటికే ఉంటాయి. గాలికి నీలం, నీళ్ళకి ఆకుపచ్చ, కరెంటుకి పసుపు, మనుషులు ఎక్కి దిగే దారులకి ఎరుపు. 1977లో తెరిచినప్పుడు ఇదేం మ్యూజియం, చమురు శుద్ధి కర్మాగారంలా ఉందని ఊళ్ళోవాళ్ళే తిట్టారట. (తిట్టినవాళ్ళ తప్పేం లేదనిపించింది!) ముందు వైపు గాజు గొట్టంలో మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళే ఎస్కలేటర్ మీద ఒక్క మనిషి లేడు. ‘‘మరి సినిమా ఎక్కడే?’’ అన్నాను. ‘‘అది ఇక్కడ లేదు నాన్నా, పద’’ అని షాత్లే స్టేషన్‌లో 14వ నంబరు మెట్రో ఎక్కించింది. జాతీయ గ్రంథాలయం స్టేషన్‌లో దిగితే పక్కనే ఎం.కె.2 అనే సంస్థ సినిమా హాళ్ళు. పాంపిడూ వాళ్ళ సినిమా కార్యక్రమాలు ఇప్పుడు అక్కడ నడుస్తున్నాయి. ఎప్పుడు ఏ సినిమా, దాని గురించి మాట్లాడడానికి ఎవరు వస్తున్నారు, అన్నీ ముందే ప్రకటిస్తారు. ఆ సెంటర్‌లోని లైబ్రరీ 1978 నుంచి మార్చి నెలలో జరుపుతున్న డాక్యుమెంటరీ ఉత్సవం కూడా ఆగలేదు. 2025లో పారిస్‌లోనే లాటిన్ క్వార్టర్ అనే పేటలోని హాళ్ళకి మారింది.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియాన్ని 2002లో పునర్నిర్మాణం కోసం మూసినప్పుడు బొమ్మలు అదే నగరంలో క్వీన్స్ అనే ప్రాంతంలోని పాత స్టేప్లర్ల ఫ్యాక్టరీకి వెళితే, సినిమాలు 23వ వీధిలోని గ్రామర్సీ థియేటర్‌కి వెళ్ళాయి. 2004లో తిరిగి తెరిచేదాకా అక్కడే వేశారు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ని లోకానికి మొదట చూపించింది ఈ మ్యూజియమే, 1955 మేలో. కలకత్తా జనం చూసింది ఆ తర్వాత, ఆగస్టులో. మ్యూజియానికి సినిమా హాలెందుకు అనేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదొక్కటే.

ఇక మన సంగతి. నేను బ్యాంకు ఉద్యోగం చేసిన ఒక జిల్లా కేంద్రంలో ఫిల్మ్ సొసైటీ ఉండేది. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి రైలు పార్సిల్‌లో రీళ్ళ డబ్బాలు వచ్చేవి. రిక్షాలో వేసుకొచ్చి, ఊళ్ళోని సభాభవనంలో తెల్లగుడ్డ కట్టి వేసేవాళ్ళం. ఒకరోజు వెళితే గేటుకి తాళం, ‘మరమ్మతుల నిమిత్తం మూసివేయడమైనది’ అని అట్టముక్క. ఎన్నాళ్ళకో, ఈలోపు మేం ఎక్కడికి పోవాలో అందులో లేదు. ఆఫీసులో అడిగితే ‘ఫైలు పైన ఉందండి’ అన్నారు. కొన్నాళ్ళు ఒకరింటి డాబా మీద వేశాం. వానాకాలం రాగానే సగం మంది మానేశారు, తర్వాత చందాలు ఆగాయి. హాలు తెరిచేనాటికి సొసైటీయే లేదు. కొత్త కుర్చీలు మాత్రం బాగున్నాయి, పెళ్ళి రిసెప్షన్లకి అద్దెకిస్తున్నారు.

అందుకని అధికారులకి మీ పత్రిక ద్వారా నా మనవి. ఏ సభాభవనాన్నయినా మూసే ముందు, అక్కడ నెలనెలా జరిగే కార్యక్రమాలకి వేరే చోటు చూపించండి. కాలేజీ సెమినార్ హాలయినా, ఉదయం ఆటలు లేని సినిమా హాలయినా మాకు చాలు. గేటు మీద కట్టే బోర్డులో తెరిచే తేదీ, ఈలోపు ఏది ఎక్కడ జరుగుతుందో రాయించండి. తేదీ కాస్త అటూఇటూ అయినా ఎవరూ కోర్టుకి వెళ్ళరు. ఇంకొకటి. డిజిటల్ ప్రొజెక్టర్ వస్తోంది కదా అని రీళ్ళు వేసే పాత 35 ఎం.ఎం. యంత్రాన్ని తుక్కు కింద అమ్మేయకండి. ఇప్పటికీ రీళ్ళ మీద తప్ప ఇంకెక్కడా లేని సినిమాలున్నాయి. ఆ యంత్రం నడపడం తెలిసిన ఆపరేటర్లు రిటైరై మన ఊళ్ళలోనే ఉన్నారు, పిలిస్తే వస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కాకినాడ