గరుడ వాహనానికి విరాళాలు కావాలి, రంగు డబ్బాలు వద్దు

భక్తులకు, ఊరు విడిచి దూరాన స్థిరపడ్డ మనవాళ్ళకు వేణుగోపాలస్వామి ఆలయ కమిటీ నమస్కారాలు.

ఫాల్గుణంలో వచ్చే బ్రహ్మోత్సవాల నాటికి స్వామివారి గరుడ వాహనాన్ని బాగుచేయించాలని తీర్మానించాం. పైకి చూస్తే వాహనం నిగనిగలాడుతోంది, గత ఉత్సవానికి ముందే కదా రంగులు వేశారు అని కొందరు అడుగుతున్నారు. నిజమే, వేశాం. పాడైంది రంగు కాదు, చెక్క.

పీఠం అడుగున వేలితో తడితే డొల్ల శబ్దం వస్తోంది. కుడి రెక్క మొదట్లో గుండుసూది తలంత బెజ్జాలు, వాటి కింద పిండిలా రాలిన పొడి. మట్టి గొట్టాలు కనబడితే చెద అనుకోవాలి. ఇలా మెత్తటి పొడి రాలితే పుచ్చు పురుగు. ఈ పురుగు టేకు చేవ (మాను నడిమి గట్టి చెక్క) జోలికి సాధారణంగా పోదు, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను తింటుంది. వెడల్పు చాలక రెక్కల్లో తెల్లచెక్క కూడా కలిపినట్టున్నారు. తర్వాతెప్పుడో అతుకులకు కొట్టిన ఇనప మేకులు తుప్పుపట్టి ఉబ్బి, చెక్కను నిలువునా చీల్చాయి.

దీనికి తోడు ఏటేటా వేసిన ఎనామిల్ పొరలు. ఈకల మీది గీతలు, నాగాభరణాల పడగలు, ముక్కు అంచు అన్నీ పూడిపోయాయి. బీటల్లోంచి లోపలికి దిగిన చెమ్మ ఆ పొర దాటి ఆరిపోలేదు. బంగారు రంగని పూసింది ఇత్తడి పొడి. అది నల్లబడి, మడతల్లో ఆకుపచ్చ తిరిగింది.

వెండి తొడుగు చేయిస్తామని ఇద్దరు దాతలు ముందుకొచ్చారు. వారికి మా దండాలు. కానీ రేకు నిలవాలంటే వందల చిన్న మేకులు దిగాలి, రేకు కింద చెద పట్టినా పైకి తెలియదు. ఈసారికి చెక్క పనికే సాయపడమని వారినీ కోరాం.

పని ఎలా జరుగుతుందంటే, ముందు ప్రతి భాగానికీ ఫొటోలు తీసి, ఏ రంగు ఎక్కడుందో రాసిపెడతారు. పాత పొరలను మంటతో కాల్చరు, కాస్టిక్ సోడాతో కడగరు, సాన కాగితంతో రుద్దరు. మొదటిది చెక్కను మాడుస్తుంది, రెండోది దాని బలం తీస్తుంది, మూడోది ఉలి పనితనాన్ని చెరిపేస్తుంది. మెత్తబరిచే లేపనం పూసి వెదురు బద్దతో తీస్తారు. పాత రంగుల్లో సీసం, ఇంగిలీకం అనే ఎరుపులో పాదరసం, హరిదళం అనే పసుపులో ఆర్సెనిక్ ఉంటాయి కాబట్టి పని జరిగే చోటికి పిల్లల్ని తీసుకురాకండి.

పీఠం కొత్తగా చేస్తారు, రెక్కలకు పుచ్చినంత మేర తీసి అతుకు వేస్తారు. ఇందుకు 14 ఘనపుటడుగుల టేకు చేవ కావాలి. పచ్చి చెక్క ఆరేకొద్దీ కుంచించుకుపోయి అతుకులు వదులైపోతాయి. అందుకే పాత ఇళ్ళ దూలాలు చూస్తున్నాం. మీటరు పెడితే తేమ 12 శాతం దాటకూడదు. కొండపల్లి బొమ్మలు చేసే పొనికి చెక్క వాడితే చవకే కదా అని ఒక సూచన వచ్చింది. బొమ్మకు అంతకంటే మంచి చెక్క లేదు, 16 మంది భుజాల మీద ఊగే వాహనానికి మాత్రం ఆ మెత్తదనం పనికిరాదు. అతుకులన్నీ కుసి (ఒక చెక్క కొనను రెండోదాని తొలిలో దూర్చే అమరిక), చెక్క చీలలతోనే. మోత కర్రలు దూర్చే చోట మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు.

పురుగు మందుగా 1 కిలో బోరిక్ ఆమ్లం, 1½ కిలోల బోరాక్స్ సుమారు 50 లీటర్ల నీళ్ళలో కలిపి పట్టిస్తారు. ఇది నీళ్ళకు కొట్టుకుపోతుంది, కనుక పైన రంగు పని పూర్తయ్యాక కూడా వాహనాన్ని నీళ్ళతో కడగకూడదు, పొడి గుడ్డతో తుడవాలి. సన్న బీటల్లో చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు నింపి, పైన సుద్ద పూత వేస్తారు. వానల్లో మక్కు ఆరదు, బూజు పడుతుంది. చెక్క పని వానాకాలంలో, పూతలు కార్తీకం తర్వాత. కిరీటానికి, నగలకు అసలు బంగారు రేకు. కళ్ళు చివరి రోజున దిద్దుతారు, ఆపైన సంప్రోక్షణ.

చెక్క శిల్పాలకు పేరున్న, ఏర్పేడు దగ్గరి మాధవమాల నుంచి ఇద్దరు శిల్పులు వస్తారు. దేవాదాయ శాఖ అనుమతి వచ్చాకే ఉలి పెడతారు.

ఖర్చు అంచనా: కలప రూ. 77,000, ఇద్దరికి 75 రోజుల కూలి రూ. 2,25,000, రంగులు, బంగారు రేకు రూ. 68,000, మందు, వాహనం నిలపడానికి గాలి ఆడే ఎత్తు గట్టు రూ. 40,000. మొత్తం రూ. 4,10,000. చేతిలో రూ. 1,35,000 ఉంది, ఇంకా రూ. 2,75,000 కావాలి. సంప్రోక్షణ ఖర్చు ఆలయ నిధి నుంచే.

ఒక ఘనపుటడుగు కలపకు రూ. 5,500, ఒక శిల్పి ఒక రోజు కూలికి రూ. 1,500 లెక్కన ఇవ్వవచ్చు. ఎంత తక్కువైనా సంతోషమే. ఇంట్లో పాత టేకు దూలం ఉంటే అదీ ఇవ్వండి, మేకులు మేమే తీయిస్తాం. దాతల పేర్లు వాహనం మీద రాయించం, గట్టు పక్కన పలక మీద ఉంటాయి. మా ఆలయానికి ఇచ్చే విరాళాలకు పన్ను రాయితీ రాదు. నగదు ఇచ్చేవారు ఆలయ కార్యాలయంలోనే ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తప్పక అడిగి తీసుకోండి. బ్యాంకు ఖాతా వివరాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. జమాఖర్చులు ప్రతి ఏకాదశికి అదే బోర్డు మీద అంటిస్తాం.

ఇట్లు,
ఆలయ కమిటీ