అల్ జజీరా ఎదిగింది ఒక్క డబ్బుతోనే కాదు

సంపాదకులు గారికి,

గల్ఫ్ మీడియాపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం అరబిక్ వార్తా చానల్ అల్ జజీరా ఎదుగుదలనంతటినీ ఖతార్ అమీరు (పాలకుడు) ఖజానాకూ, 2001 నాటి అఫ్గాన్ యుద్ధానికీ ముడిపెట్టింది. అప్పటి అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా 50 కోట్ల రియాళ్లు సమకూర్చిన మాట నిజమే. కానీ ఒక్క డబ్బే చానల్‌ను నిలబెట్టేటట్లయితే, సౌదీ పెట్టుబడి ఉన్న ఆర్బిట్ సంస్థతో కలిసి బీబీసీ నడిపిన అరబిక్ టీవీ 1996 ఏప్రిల్‌లో మూతపడేది కాదు. సౌదీ పాలనను విమర్శించే కార్యక్రమం ప్రసారం కావడంతో వచ్చిన పేచీ అది. అలా ఉద్యోగాలు పోయిన పాత్రికేయుల్లో పలువురు అదే ఏడాది నవంబరు 1న దోహాలో మొదలైన అల్ జజీరాలో చేరడంతో, కొత్త చానల్‌కు ఆరితేరిన సిబ్బంది వడ్డించిన విస్తరిలా దొరికారు.

మొదట దానికి అరబ్ దేశాల ఉపగ్రహం అరబ్‌శాట్‌లో దక్కింది బలహీనమైన ట్రాన్స్‌పాండర్ (సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే పరికరం). 1997 జులైలో ఒక ఫ్రెంచ్ చానల్ పొరపాటున అశ్లీల చిత్రం ప్రసారం చేసి సిగ్నల్ బలంగా అందే సీ బ్యాండ్ తరంగాల్లో తన చోటు పోగొట్టుకుంటే, ఆ చోటు అల్ జజీరాకు వచ్చింది. (అదృష్టం ఏ దారిన వస్తుందో ఎవరు చెప్పగలరు!) సిగ్నల్ బలం చానల్ తలరాతను ఎంత మారుస్తుందో, చెన్నై మేడల మీద పెద్ద డిష్‌లు బిగించి కేబుల్ నడిపినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

పాలకుడు ఎవరికి స్వాగతం పలికాడన్నదే వార్తగా చెలామణి అవుతున్న ఆ రోజుల్లో, అల్ జజీరా చర్చా కార్యక్రమ వ్యాఖ్యాత ఫైసల్ అల్ ఖాసిం ఇద్దరు ప్రత్యర్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదింపజేసేవారు. ఫోన్ చేసిన ప్రేక్షకుల మాట కూడా నేరుగా ప్రసారమయ్యేది. 1998 డిసెంబరులో బాగ్దాద్‌పై బాంబులు పడినప్పుడు అరబ్బులు దృశ్యాలు చూసింది ఈ చానల్లోనే. అంటే అఫ్గాన్ యుద్ధం నాటికే దానికి పేరుంది. ఆ యుద్ధం దాన్ని పాశ్చాత్యులకు పరిచయం చేసింది, అంతే.

అయితే ఇరుగుపొరుగు రాజ్యాలపై చూపే పదును ఖతార్ ఇంటి విషయాల్లో కనిపించదన్న విమర్శ మొదటి నుంచీ ఉంది, అది సబబే. 2017లో ఖతార్‌పై దిగ్బంధం విధించిన సౌదీ తదితర దేశాలు ఈ చానల్‌ను మూసేయాలని షరతు పెట్టడం ఎంత అన్యాయమైనా, ఈ విమర్శకు అది సమాధానం కాదు.

కడప, చిత్తూరు ప్రాంతాల నుంచి ఎందరో చెన్నై మీదుగా గల్ఫ్‌కు వెళ్తుంటారు. వారి కుటుంబాలకు ఖతార్ వార్త ఇంటి వార్తే. కనుక ఖతార్ గురించి అల్ జజీరా కథనాన్ని మీరు ఉటంకించినప్పుడల్లా, ఆ చానల్‌కు ఎవరు నిధులిస్తున్నారో ఒక వాక్యంలో చెప్పవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై