మా తేనె కొంటే తేనెటీగలు బతుకుతాయా?

మా దగ్గర తేనె తీసుకునే అందరికీ నమస్కారం.

ఈసారి తేనె తక్కువ వచ్చింది. పెద్ద సీసా అడిగిన కొందరికి చిన్నది పంపవలసి వస్తోంది, తేడా సొమ్ము తిరిగి ఇచ్చేస్తున్నాం. ఎందుకు తగ్గిందో కింద రాశాను. దానికి ముందు, వ్యాపారం చేసేవాళ్లు మామూలుగా దాటవేసే మాట ఒకటి చెప్పాలి.

“మీ తేనె కొంటే తేనెటీగలను కాపాడినట్టే కదా” అని చాలామంది అభిమానంగా రాస్తున్నారు. ఆ మాటే సీసా మీద అచ్చు వేయిస్తే అమ్మకాలు పెరుగుతాయని లేబుళ్లు చేసే ఆయన సలహా కూడా ఇచ్చారు. వద్దన్నాం. మా పెట్టెల్లోని ఈగలు పాడి పశువుల్లాగా పెంపకంలో ఉన్నవి. పూత లేని రోజుల్లో చక్కెర పాకం పెడతాం, నల్లి పడితే మందు వేస్తాం, రాణి ఈగ చస్తే మరొకటి తెస్తాం. అంతరించిపోతుందన్న భయం వీటి విషయంలో లేదు. ప్రపంచంలో తేనెటీగల వర్గానికి చెందిన జాతులు 20 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి తేనెపట్టు ఉండదు, గుంపు ఉండదు, సీసాలో నింపి అమ్మడానికి తేనె ఉండదు. చట్టం అండ కావలసింది వాటికి. వాటి తరఫున అడగడానికి వ్యాపారి ఎవరూ లేరు కనుక మరీ కావాలి.

అవి చేసే పని చూడాలంటే టమాటా పువ్వు దగ్గర కాసేపు నిలబడండి. దాని పుప్పొడి కేసరాల లోపల మూసుకుని ఉంటుంది, బయటికి రావడానికి కొసన సన్నని రంధ్రాలే దారి. తుమ్మెద వచ్చి పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా లోపలి కండరాలను మాత్రం వణికిస్తుంది. మోత ఒక్కసారి మారుతుంది, పుప్పొడి జల్లున దాని పొట్ట మీద రాలుతుంది. వంగ పువ్వు దగ్గరా ఇదే తంతు. మా పెట్టెల్లోని ఈగలకు ఈ విద్య రాదు. పెట్టెలు ఎన్ని పెంచినా రాదు.

ఇక ఈసారి నష్టం సంగతి. పెట్టెలకు దగ్గరలో పూత మీదున్న చేలో పొద్దెక్కాక, ఈగలన్నీ పూల మీద ఉన్న వేళ మందు కొట్టారు. సాయంత్రానికి పెట్టెల గుమ్మాల ముందు చచ్చిన ఈగలు కుప్పలు పడ్డాయి. చాలావాటికి నాలుక బయటికి సాగి ఉంది. విషం తగిలిన ఈగలు అలా చస్తాయని తేనె పెట్టెలు చూసేవాళ్లందరికీ తెలుసు. ఆ రైతు మీద నాకు కోపం లేదు. కొట్టే ముందు చుట్టుపక్కల పెట్టెల వాళ్లకు కబురు చేయాలన్న నిబంధన ఆయనకు ఎవరూ పెట్టలేదు. ముందు రోజు తెలిసి ఉంటే రాత్రికి రాత్రే పెట్టెలు తరలించేవాళ్లం. చట్టంలో ఒక వాక్యం చాలే చోట ఇంత తేనె పోయింది.

అయినా ఇది కంటికి కనిపించిన నష్టం. నన్ను ఎక్కువ కలవరపెట్టేది విత్తనంతో పాటు నేలలోకి వెళ్లే మందు. నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులను విత్తనానికి పట్టించి నాటితే అవి వేరు నుంచి ఆకుకు, పువ్వుకు, పుప్పొడికి పాకుతాయి. మొక్క పీల్చుకునేది కొద్ది భాగమే, మిగతాది మట్టిలోనే ఉంటుంది. అడవి తేనెటీగల్లో ఎక్కువ జాతులు గూడు కట్టుకునేది ఆ మట్టిలోనే. అక్కడ కుప్పలు కనిపించవు. ఈగ దారి మరిచిపోతుంది, పిల్లలు తగ్గుతాయి, ఒక ఏడు ఆ జాతి రాదు. ఫిర్యాదు చేసేవారు ఉండరు.

ఐరోపా సమాఖ్య 2013లో ఇమిడాక్లోప్రిడ్, క్లోతియానిడిన్, థయామెథాక్సామ్ అనే మూడు నియోనికోటినాయిడ్ మందుల వాడకాన్ని కొంత కట్టడి చేసి, 2018లో ఆరుబయట పొలాల్లో పూర్తిగా నిషేధించింది. వెంటనే “అత్యవసరం” పేరుతో సభ్య దేశాలు మినహాయింపులు ఇవ్వడం మొదలుపెట్టాయి. నిషేధించిన మందు పట్టించిన విత్తనాలకు అలాంటి మినహాయింపులు చెల్లవని ఐరోపా న్యాయస్థానం 2023 జనవరిలో తేల్చేదాకా అదే సాగింది. అమెరికాలో తిరకాసు ఇంకో రకం. అక్కడి కేంద్ర నిబంధనల ప్రకారం మందు పట్టించిన విత్తనం పురుగుమందు లెక్కలోకే రాదు. న్యూయార్క్ రాష్ట్రం 2023 చివర్లో సొంతంగా చట్టం చేసి, ఈ మందులు పట్టించిన మొక్కజొన్న, సోయా, గోధుమ విత్తనాలను 2029 నుంచి కట్టడి చేయబోతోంది. అందుకే ఎక్కడైనా ఇలాంటి చట్టం వచ్చిందని వింటే నేను ముందు మినహాయింపుల పేజీ వెతుకుతాను.

కాలిఫోర్నియా కథ చెబితే నవ్వొస్తుంది. అంతరించే జీవుల రక్షణకు అక్కడున్న చట్టంలో పక్షులు, జంతువులు, చేపలు ఉన్నాయి గాని కీటకాల ఊసు లేదు. అయితే ‘చేప’ నిర్వచనంలో వెన్నెముక లేని జీవులనూ చేర్చి ఉంచారు. ఆ దారి పట్టుకునే 2022లో అప్పీలు కోర్టు, బంబుల్ బీ అనే బొద్దు తుమ్మెదలకు రక్షణ ఇవ్వవచ్చంది. తుమ్మెద బతకడానికి చేప వేషం కట్టవలసి వచ్చింది! జర్మనీలోని బవేరియాలో తేనెటీగలను కాపాడే చట్టం కావాలని జనం నేరుగానే అడిగారు. 2019లో 17 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ప్రభుత్వం ఓటింగు దాకా వెళ్లకుండా ఆ ముసాయిదాను ఒప్పుకుంది. వాగుల ఒడ్డున 5 మీటర్ల మేర దున్నకూడదు, 2030కి సాగులో 30 శాతం సేంద్రియం కావాలి. మందుల నిషేధం కంటే ఈ ఒడ్డు నిబంధనే నాకు గొప్పగా తోస్తుంది. విషం ఆపినంత మాత్రాన పువ్వు పుట్టదు కదా.

మా మీద పడే నిబంధనల మాట కూడా చెప్పాలి. రక్షిత అడవుల అంచున ఎన్ని పెట్టెలు పెట్టవచ్చో హద్దు ఉండాలి. మా ఈగలు వేల సంఖ్యలో దిగితే అక్కడి తుమ్మెదలకు మకరందం మిగలదు, మా పెట్టెల్లోని వైరస్‌లు పూల మీదుగా వాటికి అంటుకుంటాయి. పరాయి జాతులను తేవడం ఇంకా ప్రమాదం. చిలీ 1990ల చివర్లో పంటల కోసం ఐరోపా బంబుల్ బీలను రానిచ్చింది. అవి అర్జెంటీనాలోకీ పాకాయి, అక్కడి పెద్ద బంగారు రంగు బంబుల్ బీ చాలాచోట్ల కనుమరుగైంది. పెట్టెల మీద హద్దు వస్తే మా తేనె తగ్గుతుంది. తగ్గనివ్వండి. తేనెటీగల రక్షణకు చట్టం కావాలని అడిగే సంతకాల పత్రాల్లో ఆ హద్దు ఉన్నదాని మీదే మేం సంతకం పెడుతున్నాం.

ధర పెరుగుతుందా అని అడిగినవారికి: ఈ విడతకు పెరగదు. వచ్చే పూతకు పెట్టెలు తరలించే ఖర్చు ఎక్కువైతే పెంచక తప్పదు, అప్పుడు ముందుగానే చెబుతాం. ఆర్డరు రద్దు చేసుకోదలచినవారు సీసా బయలుదేరేలోగా ఒక మాట రాస్తే చాలు.