ముందొచ్చిన పడవే గెలిచినట్టా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆస్ట్రేలియా రేసు పడవ వైల్డ్ ఓట్స్ 11 గురించి మీ ఆదివారం క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెరచాప పడవలకు తెలుగు పత్రికలో అర పేజీ దక్కడమే అరుదు, అందుకు సంతోషం. అయితే ‘సిడ్నీ–హోబార్ట్ పోటీలో తొమ్మిదిసార్లు విజేత’ అన్న శీర్షిక దగ్గరే నాకు లెక్క తప్పింది. సిడ్నీ నుంచి టాస్మానియా దీవిలోని హోబార్ట్ దాకా ఏటా డిసెంబరులో సాగే తెరచాప పడవల పోటీ అది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాడిని, ఆ జబ్బు అంత తొందరగా వదలదు. ఆ పడవ తొమ్మిదిసార్లు అందరికంటే ముందు హోబార్ట్ చేరిన మాట నిజమే. పోటీ గెలిచింది మాత్రం రెండేసార్లు, 2005లో ఒకసారి, 2012లో ఒకసారి.

మాది ఒంగోలు కాబట్టి ఎడ్ల పోలికతోనే చెబుతాను. మా వైపు బండలాగుడు పోటీల్లో పాలపళ్ల గిత్తలను తెచ్చి ఆరుపళ్ల జతతో పోటీకి దింపరు. పళ్లు చూసి విభాగం తేలుస్తారు, బండ బరువు కూడా దాన్నిబట్టే. సిడ్నీ–హోబార్ట్‌లో వంద అడుగుల పడవ, ముప్పై అయిదు అడుగుల పడవ ఒకే మధ్యాహ్నం బయలుదేరి, అదే 628 నాటికల్ మైళ్లు, ఆస్ట్రేలియాకూ టాస్మానియాకూ మధ్యనున్న అదే బాస్ జలసంధి దాటాలి. పొడవాటి పడవ వేగంగా పోవడం ప్రకృతి ధర్మం. అందుకే ప్రతి పడవకూ ఒక గుణకం కడతారు. పట్టిన సమయాన్ని దానితో హెచ్చవేస్తే వచ్చేదే అసలు లెక్క. ఉదాహరణకు గుణకం 2 ఉన్న పడవ 40 గంటల్లో చేరితే దాని ఖాతాలో 80 పడతాయి. గుణకం 1 ఉన్న చిన్న పడవ 75 గంటలు తీసుకున్నా గెలుపు దానిదే. ఈ లెక్కలో మొదట నిలిచిన పడవకే టాటర్‌సాల్ కప్పు ఇస్తారు. అందరికంటే ముందు గీత దాటినందుకు ఇచ్చే ‘లైన్ ఆనర్స్’ వేరే బహుమతి. 1945లో తొమ్మిది పడవలతో మొదటి పోటీ జరిగినప్పుడు ఈ రెండూ ఒకే పడవకు దక్కాయి. ఆ పడవ పేరు ‘రాణి’. పేరు మనదే, పడవ మాత్రం జాన్ ఇలింగ్‌వర్త్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారిది. పట్టిన సమయం 6 రోజుల 14 గంటల 22 నిమిషాలు.

వైల్డ్ ఓట్స్ 11ను తక్కువ చేయడానికి ఇదంతా రాయడం లేదు. శాన్ డియాగోకు చెందిన రైకెల్–ప్యూ సంస్థ గీసిన నమూనా అది. సిడ్నీలో మెకానగీ వాళ్లు కార్బన్ ఫైబర్‌తో కట్టి 2005 డిసెంబరు మొదట్లో నీళ్లలోకి దించారు. నెల తిరగకముందే లైన్ ఆనర్స్, కప్పు, వేగంలో కొత్త రికార్డు, మూడూ పట్టేసింది. 2012లో మళ్లీ మూడూ దానివే. అప్పటి సమయం 1 రోజు 18 గంటల 23 నిమిషాల 12 సెకన్లు. మీ వ్యాసం ‘గాలి బలం ఒక్కటే దాని ఇంధనం’ అంది. అది కూడా పూర్తిగా నిజం కాదు. పడవ కింద వేలాడే కీల్‌ను, అంటే బరువు దిమ్మ ఉన్న రెక్కను, గాలి కొట్టే వైపుకు సుమారు 40 డిగ్రీల వరకు వంచుతారు. పడవ ఒరిగిపోకుండా ఆపేది అదే. దాన్ని కదిపేది హైడ్రాలిక్ యంత్రం, ఆ యంత్రానికి డీజిల్ ఇంజిన్ నడుస్తూ ఉండాలి. తాళ్లు, తెరచాప కొయ్యలు, కీల్ లాంటివి పడవలోని మనుషుల బలంతోనే కదలాలని యాటింగ్ మూల నియమాల్లో ఉంది. ఇలాంటి పడవల కోసం ఈ పోటీ ఆ నియమాన్ని సడలించింది. సడలించడం తప్పో ఒప్పో అక్కడివాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు, నేను మధ్యలో దూరను. పాఠకుడికి చెప్పాలి కదా అన్నదే నా బాధ.

2015లో దాని ముక్కు భాగం, మన పడవవాళ్లు అణియం అంటారే, ఆ వైపు 12 మీటర్లు కోసేసి 14 మీటర్ల కొత్తది అతికించారు. మొత్తం పొడవు వంద అడుగులు దాటకూడదు కాబట్టి వెనుక రెండు మీటర్లు తగ్గించారు. అంత కష్టపడితే ఆ ఏడాది పెద్ద తెరచాప చిరిగి మధ్యలోనే వెనుదిరిగింది. మరుసటి ఏడాది కీల్ హైడ్రాలిక్ మొరాయించి మళ్లీ ఇంటికి. 2017లో అందరికంటే ముందు, అదీ పాత రికార్డు బద్దలుకొట్టి చేరింది. కానీ బయలుదేరిన కాసేపటికే కొమాంచీ అనే పడవకు మరీ దగ్గరగా అడ్డం తిరిగిందని పోటీ న్యాయమండలి దాని సమయానికి ఒక గంట కలిపింది. లైన్ ఆనర్స్, రికార్డు రెండూ కొమాంచీకి వెళ్లిపోయాయి. అక్కడికక్కడే రెండు చుట్లు తిరిగి తప్పు దిద్దుకుంటే పోయేది కొద్ది నిమిషాలే. ఈ కథ మీ వ్యాసంలో లేదు. ఉండి ఉంటే తొమ్మిది అంకె కంటే నాకు ఎక్కువ నచ్చేది.

ఇక అసలు విషయం 2014. ఆ డిసెంబరులో అమ్మాయి దగ్గరికి సిడ్నీ వెళ్లాను. 26న ఉదయమే అల్లుడు మమ్మల్ని వాట్సన్స్ బే కొండ అంచుకు తీసుకెళ్లాడు. చాపలు, గొడుగులు, మా ఆవిడ కట్టిన పులిహోర డబ్బా. మధ్యాహ్నం ఒంటి గంటకు ఫిరంగి పేలింది. కొత్తగా వచ్చిన కొమాంచీ ముందు, దాని వెనుకే వైల్డ్ ఓట్స్ 11 రేవు దాటాయి. పైన హెలికాప్టర్లు. జనం అరుపులు. ఆ రెండూ సముద్రంలోకి మళ్లగానే హెలికాప్టర్లూ వెంట వెళ్లాయి, మా చుట్టూ ఉన్నవాళ్లు చాపలు మడవడం మొదలుపెట్టారు. మేమూ మడిచాం. వెనుక నుంచి చిన్న చిన్న తెల్లని తెరచాపలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత గాలి పలచబడింది. వెడల్పాటి కొమాంచీకి అది కలిసిరాలేదు, సన్నటి వైల్డ్ ఓట్స్ 11 దాన్ని దాటేసి ఎనిమిదోసారి ముందుగా హోబార్ట్ చేరింది. అది ఆ పోటీలో కొత్త చరిత్ర, మర్నాడు పత్రికల నిండా అదే బొమ్మ. కప్పు మాత్రం చాలా గంటల తర్వాత చేరిన 43 అడుగుల ‘వైల్డ్ రోజ్’కు దక్కింది. రోజర్ హిక్‌మన్ నడిపిన ఆ పడవ 1985లో కట్టింది, అప్పటికే దాదాపు ముప్పై ఏళ్ల పాతది. దాని మొదటి పేరేమిటో తెలుసా? వైల్డ్ ఓట్స్. వైల్డ్ ఓట్స్ 11ను కట్టించిన వైన్ వ్యాపారి బాబ్ ఓట్లీ ఒకప్పుడు కట్టించుకున్నదే. అంటే ఆ ఏడాది ఒకే మనిషి కట్టించిన పడవల్లో కొత్తది ముందుగా గీత దాటింది, పాతది పోటీ గెలిచింది. ఇంతకంటే మంచి వార్త క్రీడా పేజీకి ఎక్కడ దొరుకుతుంది? మీ వ్యాసంలో 2014 గురించి రెండు వాక్యాలున్నాయి, వైల్డ్ రోజ్ పేరు ఒక్కచోటా లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే డిసెంబరులో ఈ పోటీ ఫలితం వేసేటప్పుడు, ముందు చేరిన పడవ ఏది, కప్పు గెలిచింది ఏది, రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయండి. ‘విజేత’ అన్న మాటను రెండో పేరుకే ఉంచండి. చోటు చాలకపోతే ఫోటో కాస్త తగ్గించండి.

మిమ్మల్ని ఇన్ని మాటలన్నాక నా సంగతీ చెప్పాలి. ఆ రోజు తీసిన ఫోటోలు నిన్న రాత్రి వెతికాను. రెండు పెద్ద పడవలవి ఇరవై ఏడు ఉన్నాయి. వైల్డ్ రోజ్‌ది ఒక్కటి కూడా లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
ఒంగోలు