సమాధి రాయి పొర్లాలి: ఈస్టర్ ప్రదర్శన కోసం సంఘానికి విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యవ్వనస్తులకు, దూరప్రాంతాల్లో స్థిరపడినా ఈ మందిరాన్ని మరవని మన పాత కుటుంబాలకు యేసుక్రీస్తు నామమున వందనాలు.

ఈసారి ఈస్టర్ తొందరగా వచ్చేస్తోంది. వసంత విషువత్తు (మార్చిలో పగలు, రాత్రి సమానమయ్యే రోజు) తర్వాతి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం పునరుత్థాన పండుగ కాబట్టి అది మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా పడవచ్చు. 2026లో ఏప్రిల్ 5న చేసుకున్నాం. 2027లో మార్చి 28కే వస్తోంది. ఫిబ్రవరి 10న భస్మ బుధవారంతో శ్రమల దినాలు మొదలవుతాయి. మన చేతిలో ఉన్న కానుకలు మాత్రం ప్రదర్శన ఖర్చు అంచనాలో మూడో వంతు కూడా దాటలేదు. లైట్లకు, సౌండుకు అడ్వాన్సు ఇస్తే ఆ కాస్తా అయిపోతుంది. పద్దుల కాగితం నోటీసు బోర్డు మీద ఉంది, కోశాధికారి గారిని అడిగినా చూపిస్తారు. ఆ లెక్కలు ఇక్కడ రాయను, రాయవలసిన పెద్ద సంగతి వేరే ఉంది.

ఈ ఏడాది ప్రదర్శనను ఆ తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీల వైపు నుంచి చూపించాలని నిర్ణయించాం. సిలువ శ్రమలు అరగంటలో ముగుస్తాయి. తర్వాత మందిరంలో దీపాలన్నీ ఆర్పేస్తాం. చీకట్లో ముగ్గురు స్త్రీలు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని జనం మధ్య నుంచే నడిచివస్తారు. వాళ్ల నోట ఒకటే మాట, మార్కు సువార్త 16వ అధ్యాయంలో ఉన్నదే: సమాధి ద్వారం నుండి మనకొరకు ఆ రాయి ఎవడు పొర్లించును? అప్పుడు రాయి కదలాలి.

అందరూ ఒక్కసారి సువార్తలు తెరిచి చూడండి. ప్రభువు లేచిన ఆ క్షణాన్ని మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురిలో ఎవ్వరూ వర్ణించలేదు. పొర్లిన రాయిని చూపారు, నారబట్టలను చూపారు, తలకు చుట్టిన రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉందని యోహాను రాశాడు. అంతే. లేఖనం మౌనంగా ఉన్నచోట మనం పొగ పెట్టి, తాడు కట్టి ప్రభువు పాత్రధారిని పైకి లాగడం నాకెప్పుడూ మనస్కరించలేదు. ఈసారి ఆయన లేవడాన్ని చూపించం. రాయి పొర్లుతుంది, లోపలి నుంచి వెలుగు వస్తుంది, ఖాళీ సమాధి కనబడుతుంది. అందుకే ప్రదర్శన భారమంతా ఆ రాయి మీదే ఉంది.

పోయినసారి సమాధి ద్వారానికి బూడిదరంగు తెర కట్టాం. ఫ్లెక్స్ మీద రాయి బొమ్మ వేయించి పక్కకు లాగితే సరిపోతుంది కదా అని ఈసారి కూడా కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. వారి పట్ల గౌరవంతోనే చెబుతున్నాను, సరిపోదు. ఆ రాయి ఎంతో పెద్దదని మార్కు ప్రత్యేకంగా రాశాడు. దూత దాన్ని పొర్లించి దాని మీద కూర్చున్నాడని మత్తయి రాశాడు. ఫ్లెక్స్ మీద దూత ఎలా కూర్చుంటాడు?

గుండ్రటి రాయే ఎందుకని అడిగినవారికి కూడా జవాబు ఉంది. ఆమోస్ క్లోనర్ అనే ఇశ్రాయేలు పురావస్తు పండితుడు యెరూషలేము చుట్టుపక్కల రెండో దేవాలయ కాలం (ప్రభువు జీవించిన రోజులు కూడా అందులోవే) నాటి సమాధులను 900కు పైగా పరిశీలిస్తే చక్రంలా దొర్లే రాయి నాలుగింటికే కనిపించింది. మిగతావాటికి బిరడాలా బిగించే చదరపు రాళ్లే. ఆ నాలుగూ సామాన్యులవి కావు. హేరోదు కుటుంబానిదని చెప్పే సమాధి వాటిలో ఒకటి, అదియాబేనే అనే ప్రాచీన రాజ్యపు రాణి హెలేనాది మరొకటి. మన ప్రభువును ఉంచింది అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకున్న కొత్త సమాధిలో, ఆ యోసేపు ధనవంతుడని మత్తయి 27లో స్పష్టంగా ఉంది. క్లోనర్ గారు ప్రభువు సమాధికి కూడా చదరపు రాయే ఉండవచ్చన్నారు. నేను మాత్రం యోసేపు సంపదను బట్టి గుండ్రటి రాయి వైపే మొగ్గాను, కమిటీ ఒప్పుకుంది.

మనం చేయించేది ఆరడుగుల చక్రం. లోపల ఇనుప చట్రం, రెండు వైపులా ప్లైవుడ్, పైన రాతి గరుకుతో పూత. అడుగున కొద్దిగా వాలుగా గాడి, గాడిలో బేరింగులు. మధ్యలో ఆగిపోకూడదు, వేగం అందుకుని పిల్లల మీదికీ రాకూడదు. అందుకని గాడి చివర ఆపే కట్టె ఒకటి, దూత పాత్రధారి ఎక్కి కూర్చోవడానికి వెనక గట్టి మెట్టు ఒకటి కావాలి. సగం ఖర్చుతో చేస్తే ప్రమాదం, చేయకపోతే ప్రదర్శన ప్రాణం పోతుంది. ఒకసారి చేయిస్తే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

సండే స్కూల్ పిల్లల దుస్తులు, కాలర్ మైకులు, గాన బృందానికి కొత్త వేదిక, జనరేటరు, నిప్పు ఆర్పే పరికరాలు కూడా జాబితాలో ఉన్నాయి. అవీ ముఖ్యమే.

ఆరాధన జరిగే చోట నాటకమేమిటని బాధపడేవారు మనలో ఉన్నారని తెలుసు. దాదాపు 970 ప్రాంతంలో ఇంగ్లండులోని వించెస్టర్ బిషపు ఏథెల్‌వోల్డ్ సన్యాసుల కోసం కూర్పించిన ఆరాధన నియమావళిలో ఈస్టర్ ఉదయం ఏం చేయాలో రాసి ఉంది. ఒక సన్యాసి తెల్లని అంగీ వేసుకుని, చేత మట్ట పట్టుకుని సమాధి గుర్తుగా ఉంచిన చోట కూర్చోవాలి. ముగ్గురు ధూపార్తులు పట్టుకుని, ఏదో వెతుకుతున్నట్టు నెమ్మదిగా రావాలి. ఎవరిని వెదకుచున్నారని అతడు అడగాలి. చివర ఖాళీ వస్త్రాన్ని అందరికీ ఎత్తి చూపాలి. వెయ్యేళ్లకు పైబడి సంఘం ఈ సువార్తను కళ్లకు కట్టి చూపిస్తూనే ఉంది. జర్మనీలో ఓబరామర్గావ్ అనే ఊరు 1633లో తెగులు కాలంలో మొక్కుకుని, 1634లో తొలిసారి ప్రభువు శ్రమల నాటకం ఆడి, ఇప్పటికీ పదేళ్లకోసారి ఊరంతా కలిసి ఆడుతోంది. 2020లో మహమ్మారి వల్ల ఆగిపోతే 2022లో ఆడి మొక్కు చెల్లించుకున్నారు.

ఆ 2020 ఈస్టర్ మనకూ గుర్తే. ఏప్రిల్ 12న మందిరం తలుపులు మూసి ఉన్నాయి, ఇళ్లలో ఆరాధించుకున్నాం. అయినా మీ కానుకలు ఆగలేదు. పనులు లేని కుటుంబాలను ఈ సంఘం ఎలా ఆదుకుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత కప్పు కారినప్పుడు, ప్రహరీ కూలినప్పుడు కూడా మీరే నిలబడ్డారు. అలాంటి సంఘం ఇప్పుడెందుకు వెనకాడుతోందో నాకు అర్థం కావడం లేదు. పోయిన ఈస్టర్ ప్రదర్శనకు లోపల చోటు చాలక కిటికీల దగ్గర నిలబడి చూశారు. అదే, సన్నాహక సమావేశానికి పిలిస్తే ముందు రెండు బల్లలు కూడా నిండలేదు. ఎవరినీ నొప్పించాలని ఈ మాట అనడం లేదు. ఇది మనందరి పండుగ, భారం మాత్రం నలుగురైదుగురి మీదే పడుతోంది.

లూకా సువార్త 8వ అధ్యాయంలో మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమ ఆస్తితో ప్రభువు పరిచర్యకు ఉపచారం చేశారని ఉంది. అదే లూకా 24వ అధ్యాయంలో ఖాళీ సమాధి వార్త అపొస్తలులకు తెచ్చిన వారి పేర్లు చూడండి: మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లి మరియ. పరిచర్యకు తమ సొమ్ము ఇచ్చినవాళ్లే పునరుత్థాన వార్తను మొదట మోశారు. ఈ విజ్ఞప్తి రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది ఆ రెండు అధ్యాయాలే.

కాబట్టి ఫిబ్రవరి 28 ఆదివారం ఆరాధనలోపు మీ కానుక ఇవ్వమని చేతులు జోడించి వేడుకుంటున్నాం. ఆ తర్వాత అందితే చట్రం, గాడి చేయించి, మట్టల ఆదివారం మార్చి 21న పూర్తి రిహార్సల్‌లో రాయిని దొర్లించి చూసుకునే వ్యవధి ఉండదు. ఈస్టర్ ప్రదర్శన అని రాసిన కవర్లు వెనక బల్ల మీద ఉన్నాయి. రాయి కోసమే ఇవ్వదలిస్తే కవరు మీద ఆ మాట రాయండి, వేరుగా లెక్క ఉంచుతాం. ప్రతి కానుకకూ రసీదు ఇస్తాం. మాట ఇచ్చి ఇంకా చెల్లించని కుటుంబాలు దయచేసి గుర్తు చేసుకోండి, మళ్లీ ఇంటికి వచ్చి అడగడం మాకూ కష్టంగానే ఉంది.

డబ్బు ఇవ్వలేనివారు పని ఇవ్వండి. వెల్డింగ్ తెలిసినవారు ఇద్దరు, వడ్రంగం తెలిసినవారు ఇద్దరు దొరికితే కూలి ఖర్చు చాలావరకు తప్పుతుంది. చిరుగు లేని తెల్ల దుప్పట్లు ఉంటే నారబట్టల కోసం స్త్రీల సమాజం అధ్యక్షురాలికి అందజేయండి, ఉతికి తెస్తే మరీ మంచిది.

ప్రభువు సేవలో,
ఈస్టర్ ప్రదర్శన కమిటీ తరఫున,
కార్యదర్శి, రంగస్థల ఏర్పాట్ల బాధ్యుడు